యూదా చావు

"నిచ్చెన ముట్టుకుంటే సెయ్యి నరికేత్తాను," అంది బుద్రి కత్తి ఎత్తి.

పాస్టర్ యాకోబు మిరియాలు కోసే నిచ్చెనను వదిలేశాడు. కాఫీ తోటలో, సిల్వర్ ఓక్ కొమ్మకు గాసీరాం శవం వేలాడుతోంది. బుద్రి కొడుకును పోలీసులకు పట్టించింది గాసీరామే. అందుకే నిన్న డుంబ్రిగుడ సంతలో అతణ్ణి మొదట కొట్టింది బుద్రే. తర్వాత ఊరంతా కర్రలు విరిగేదాకా కొట్టింది. తెల్లారేసరికి ఉరేసుకున్నాడు.

"దించనివ్వు బుద్రమ్మా."

"ఏసుని పట్టించిన యూదా ఉరేసుకున్నాడని బైబిల్లోంచి మీరే ఓపాలి సదివారు. కింద పడి పొట్ట పగిలి, పేగులు బయటికొచ్చి సచ్చాడని ఇంకోపాలి సదివారు. ఏది నిజం? ఈడికీ పొట్ట పగలాల."

"రెండూ నిజమే. ఉరేసుకున్నాడు. ఎవరూ దించలేదు. శవం అలాగే కుళ్లి, కింద పడి పగిలింది."

"ఆ యూదాతో తిరిగిన సిస్యులు ఇంకా పదకొండుమంది ఉన్నారు గదా. ఒక్కడూ రాలేదా?"

"రాలేదు."

బుద్రి శవాన్ని చాలాసేపు చూసింది. ఆ తర్వాత నిచ్చెనను తనే చెట్టుకు ఆనించి పైకెక్కింది. తాడు మీద కత్తి పెట్టి ఆగింది.

"అయ్యగారూ, కాళ్లు గట్టిగా పట్టుకోండి. ఈడు కింద పడకూడదు."