గోడకి అవతల

"ఇప్పుడు చెవులు గోడకి ఆనించండి," అన్నాడు గైడు నోరిస్.

కొత్తగా పెళ్లయిన కిర్‌స్టీ మొగుడి చెవి పట్టి లాగి మరీ ఆనించింది. పక్కనే ఎడ్నా కూడా ఆనించింది.

పేరుమోసిన రాక్ బ్యాండ్ కుర్రాళ్లు తొలి పాటలు కట్టిన గది అది. లివర్‌పూల్ వచ్చినవాళ్లంతా చూసిపోతారు. పక్కింట్లోనే కాపురముంటున్నా ఎడ్నా లోపలికి రావడం ఇదే మొదటిసారి. చూడవచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, పోయిన మొగుడు విల్ఫ్ తరఫున గైడుకి క్షమాపణ చెప్పుకుందామని వచ్చింది. ఆ కుర్రాళ్ల రోజుల్లోనే కాదు, ఈమధ్య కూడా ఇటునుంచి పాట వినబడితే చాలు, విల్ఫ్ బూటు తీసి గోడ బాదేవాడు. "ముసలాడివయ్యావు, ఇంకా ఏం కోపం?" అని తిట్టి ఆమె వంటింటి తలుపేసుకునేది.

"ఏమీ వినబడట్లేదే!" అంది కిర్‌స్టీ.

"మొన్న చలికాలం దాకా వినబడేది తల్లీ," అన్నాడు నోరిస్. "ఆ రోజుల్లో కుర్రాళ్లు వాయిస్తుంటే పక్కింటాయన 'ఆపండ్రా' అని గోడ బాదేవాడట. ఇది మ్యూజియం అయ్యాక పబ్బులో కలిసి అడిగాను, మేం పాట వేసినప్పుడు వచ్చినవాళ్ల కోసం మళ్లీ బాదుతారా అని. ఎంత మురిసిపోయాడో! 'మా ఆవిడకి మాత్రం చెప్పకు. ఈ వయసులో ఆటలేమిటని నవ్వుతుంది' అన్నాడు."

అందరూ నవ్వుకుంటూ మేడ మీదికి కదిలారు. ఎడ్నా గోడకి ఆనించిన చెవి తీయలేదు.

"ఇంకేం వినబడదు బామ్మగారూ," అన్నాడు నోరిస్ మెల్లగా. "అవతల ఎవరూ లేరు."

"తెలుసు నాయనా," అంది ఎడ్నా. "అది మా ఇల్లే."