గడ్డకట్టిన సూదిమందు

"గిదేంది చెల్లే, మంచుగడ్డ లెక్కున్నది?"

కాంపౌండర్ నర్సింగ్ సూదిమందును వెలుతురుకు ఎత్తి చూసి పెదవి విరిచాడు.

నిలోఫర్ గబగబా సంజాయిషీ ఇచ్చుకుంది.

"మనూర్ల నిన్నంత కరెంటు లేదన్నా. మా తమ్ముడు జుబేర్ బోరంచ జాతరల ఐస్‌క్రీమ్ అమ్ముతుండు. వాని ఐసు పెట్టెల పెట్టిండు. చల్లగ ఉండాలన్నరు గద!"

"చల్లగ ఉండాలన్నరు గని గడ్డకట్టాలన్నరా? ఒక్కపారి గడ్డకడితే ఇగ పనికిరాదు. ఈడ ఫ్రిజ్‌ల పెట్టిపొమ్మని నెత్తీనోరు కొట్టుకొని చెప్పిన."

చెప్పిన మాట నిజమే. నారాయణఖేడ్‌లోని ఆ చిన్న క్లినిక్‌కు పట్నం డాక్టర్ నెలకోసారి వస్తాడు; ఇవాళ ఆ రోజే. కరెంటు నిలకడలేని ఊళ్లవాళ్లంతా తమ మందును డబ్బా మీద పేరు రాయించి అక్కడి ఫ్రిజ్‌లోనే ఉంచిపోతారు. నిలోఫర్ ఒక్కతే నమ్మలేదు. తన మందును ఇంకెవరికో పొడిచేస్తే? మన వస్తువు మన కళ్లముందు ఉండాలనుకుని ఇంటికి పట్టుకుపోయింది. అతితెలివి ఇంత పని చేసింది.

ఆమెది ఒంటి తలనొప్పి, డాక్టర్ మాటలో మైగ్రేన్. నెలలో పదిహేను రోజులు తలుపులు మూసుకుని, తలకు గుడ్డ బిగించుకుని పడుకునేది. ఇంట్లోవాళ్లు నకరాలన్నారు. నొప్పి రాకముందే ఆపే ఈ సూది నెలకొకటి చొప్పున మొదలుపెట్టాక, మూడు నెలల్లో పదిహేను రోజులు రెండుకు దిగాయి.

వచ్చే ఆదివారం సంగారెడ్డిలో టీచర్ పరీక్ష. కిందటిసారి సగం పేపరులో లేచొచ్చి వరండాలో వాంతి చేసుకుంది. ఈసారీ అదే అయితే ఇంట్లో మళ్లీ చదువు మాట ఎత్తనివ్వరు.

"నాకు పరీక్షున్నది. కొత్తది ఎప్పుడొస్తదన్నా?"

"పది రోజులైతది."

నిలోఫర్‌కు ఏడుపు ఆగలేదు.

"పరీక్ష ఎన్నడు బిడ్డా?"

అడిగింది మూల బెంచీ మీది ముసలాయన. నల్లద్దాలు, తలకు బిగించి కట్టిన తువ్వాల. వచ్చినప్పటినుంచీ చిరచిరలాడుతూనే ఉన్నాడు. ట్యూబులైటు ఆర్పమన్నాడు. నిలోఫర్ ఫోను మోగితే "గది బందు చెయ్" అని కసిరాడు కూడా.

"మీకెందుకు?" అందామె కళ్లు తుడుచుకుంటూ.

ఆయన గోడ పట్టుకుని లేచి, నర్సింగ్‌ను పిలుచుకుని లోపలికి పోయాడు. కాసేపటికి బయటికొచ్చి ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

"రా చెల్లే, ఒకటి దొరికింది" అన్నాడు నర్సింగ్.

"ఇంతల్నే ఏడ దొరికింది?"

"గదే మందు, గంతే డోసు. డాక్టర్ సాబ్ చూసిండు. జల్దీ రా."

పది నిమిషాల కింద లేని మందు ఇప్పుడెక్కడినుంచి ఊడిపడింది? నిలోఫర్‌కు ఏమీ అర్థం కాలేదు. మాట విననందుకు నర్సింగ్ కావాలనే ఏడిపించాడా? అయినా అవసరం ఆమెది, నోరు మూసుకుని సూది వేయించుకుంది. ఖాళీ డబ్బాను ఎప్పటిలాగే ఆమె సంచిలో పడేశాడు నర్సింగ్.

బస్టాండు దగ్గర డ్రైవర్ బస్వరాజ్ షేర్ ఆటో ఎక్కితే, ఎదురుగా ఆ ముసలాయనే.

అద్దాల చాటున కళ్లు ఎర్రగా ఉన్నాయి. మనిషి నిలకడగా కూర్చోలేకపోతున్నాడు. ఊరు దాటి గుంతల రోడ్డు ఎక్కేసరికి బయటికి వంగి భళ్లున కక్కాడు. చింది నిలోఫర్ బుర్ఖా అంచు మీద పడింది.

"ఆటో ఆపన్నా! పట్టపగలే తాగి ఎక్కిండు. ఈయనను దించు, లేకుంటె నేను దిగుత!"

కల్లు వాసన రాలేదు. అది ఆమెకు వింతగానే తోచింది. కానీ కోపం ముందు ముక్కు మాట ఎవరు వింటారు? పైగా తనకున్న నొప్పి ఆడవాళ్లదేనని, మగవాళ్లకు తల తిరిగేది తాగుడువల్లేనని ఆమె నమ్మకం.

"అమ్మా, కాకా గట్లాంటి..." అనబోయాడు బస్వరాజ్.

ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"నేనే దిగుత తియ్. గా బిడ్డను ఎండల దించకు బస్వరాజ్. తలకు మంచిది గాదు."

దిగి, కందిచేను గట్టు మీద కూలబడి, తువ్వాలను ముఖం మీదికి లాక్కున్నాడు. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది.

ఆటో కదిలింది. తన తల సంగతి ఈయనకెందుకు? దించిన మనిషి మీద ఈ జాలి ఏమిటి? నిలోఫర్‌కు అంతుబట్టలేదు.

"ఎవరన్నా ఆయన?"

"నాగల్‌గిద్ద మాణిక్యప్ప కాకా. కల్లు ముట్టంగ నేనైతే ఎన్నడు సూడలే."

నిలోఫర్ ముఖం తిప్పుకుంది.

ఇల్లు చేరేసరికి కణతల లాగుడు కూడా లేదు. మందు అంత తొందరగా పనిచేయదని డాక్టర్ చెప్పినా, దొరికిందన్న ధైర్యమే సగం మందు. తల్లి సాలెహా బేగం బుర్ఖా ఉతుకుతూ ఆ తాగుబోతుకు శాపనార్థాలు పెడుతుంటే, నిలోఫర్ కూడా ఓ రెండు కలిపింది.

తర్వాత తలనొప్పి నోట్‌బుక్ తీసింది. సూది వేయించుకున్న ప్రతిసారీ డబ్బా అట్ట అందులో అతికించి తేదీ వేయాలని డాక్టర్ మాట.

సంచిలోంచి ఖాళీ డబ్బా తీసి, కత్తెర పెట్టబోయి, ఆగిపోయింది.

అట్ట మీద నర్సింగ్ నీలం పెన్నుతో రాసిన పేరు ఆమెది కాదు: మాణిక్యప్ప, నాగల్‌గిద్ద, దాని కింద, ఆయనకు ఆ సూది వేయాల్సిన తేదీ, ఇవాళ్టిదే.