రెండోసారి వెళ్లిన చెంగి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా, చెబుతాను.

ఎలుగుబంటి వైద్యుడు శిష్యులను చేర్చుకుంటున్నాడని విని, చెంగి అనే కుందేలు వెళ్లింది. అతను చూపించిన వేర్లన్నీ వాసన చూసి పేర్లు చెప్పి వచ్చింది. ఆ తర్వాత కబురు లేదు. చెంగికి కంటిమీద కునుకూ లేదు.

"ఏమే చెంగీ, నక్క రోజూ వెళ్లి వైద్యుడి వీపు గోకుతోందట. నువ్వేమో ఇక్కడ గడ్డి నములుతున్నావు!" అని ఎత్తిపొడిచింది ఉడుత.

వెళ్లకపోతే మరిచిపోతాడేమో. వెళితే విసుక్కుంటాడేమో. చివరికి గుండె చిక్కబట్టుకుని బయల్దేరింది చెంగి.

మొన్న నవ్వుతూ మంచినీళ్లిచ్చిన శిష్య కోతి, ఇవాళ తోకకు కట్టుతో గుహ ముందు వణుకుతోంది. "మళ్లీ మందు ఒలకబోశావా? ఈసారి తోక కాదు, చెయ్యే విరుస్తా!" అని లోపల వైద్యుడు గర్జిస్తున్నాడు. చెంగి కోతి పక్కకు వచ్చి నిలబడింది.

వైద్యుడు బయటకు తొంగిచూశాడు. వెంటనే గొంతులో తేనె పోసుకుని, "నువ్వా తల్లీ! నిన్ను మరిచిపోతానని భయపడి వచ్చావా?" అన్నాడు.

"లేదండీ, మొన్న నేను మిమ్మల్ని సరిగా చూడలేదు. ఇప్పుడు చూశాను" అంటూనే చెంగి కోతి చెయ్యి అందుకుంది. "ఉరుకు తమ్ముడూ!"

వైద్యుడు మళ్లీ ఎత్తుకున్న గర్జన అడవి దాటేదాకా వాళ్ల వెంటే వచ్చింది. వాళ్లు మాత్రం ఆగలేదు.

సరే, లేవండి. అన్నం చల్లారిపోతుంది, ఇళ్లకు పోయి తినండి.