చచ్చే వేషం

"అయిపోయాయి," అంది ఫుసాయే.

అద్దాల అరలో మంజూ మిఠాయిలు నిండుగా కనబడుతూనే ఉన్నాయి.

టోపీ తీసి నిలబడ్డ ముసలి నటుడు ఇషిగాకి వాటిని చూశాడు, ఆమెను చూశాడు.

"పెద్దల పండగ కదా, ఒక్కటి చాలు ఫుసాయే గారూ. మీ అన్న కియోషి గురించి కూడా ఒక్క మాట..."

"నీ నోట మా అన్న పేరు రాకూడదు! వాడు ఈ అమెరికా కోసం ఇటలీలో ప్రాణమిచ్చాడు. నువ్వు జపాను సైనికుడి వేషాలేసి, జనం చప్పట్లు కొట్టేలా చస్తావు. సిగ్గు లేదూ?"

ఆయన తల వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు. ఏటా వస్తాడు, ఏటా ఇదే తంతు.

లాస్ ఏంజెలస్‌లోని ఆ జపాను వీధిలో ఇషిగాకి సినిమాలు ఎవరూ చూడరు. చూస్తే పరువు పోతుందని వాళ్ళ భయం.

ఫుసాయే బాధ వేరు. యుద్ధం రాగానే, జపాను జాతివాళ్ళని తమను ముళ్ళకంచె శిబిరంలో పెట్టిన అమెరికా సర్కారు సైన్యంలోనే అన్న చేరాడు. ఆ అలకతో సాగనంపడానికి ఆమె శిబిరం గేటు దగ్గరికి వెళ్ళలేదు. "చిక్కుడుగింజా!" అని వాడు పిలుస్తూనే ఉన్నాడు. అది వాడొక్కడే పిలిచే ముద్దుపేరు. నామీద కోపంతోనే పోయాడా అని ఇన్నేళ్ళుగా ఆమె కుమిలిపోతూనే ఉంది. చెప్పేవాళ్ళెవరు?

ఆ నెలలోనే ఇషిగాకి పోయాడు. పక్కకొట్టు తత్సుకో బౌద్ధ గుడిలో అంత్యక్రియలకు వెళ్ళొచ్చింది.

"పట్టుమని పదిమంది రాలేదే పాపం. కానీ శవపేటిక మీద అమెరికా జెండా కప్పారు!"

"వాడికా? ఎందుకు?"

"మీ అన్న దళంలోనే పోరాడాడట. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, ఆ రోజుల గురించి కట్టుకున్నదానితో కూడా మాట్లాడరు. ఇదిగో, ఇప్పుడు టీవీలో ఆయన సినిమా వేస్తున్నారు. ఒకసారి చూడవే."

"ఆ చచ్చే వేషమేగా?"

"అదే. చచ్చేటప్పుడు జపాను భాషలో ఏదో ఒకటి అనేయమనేవారట డైరెక్టర్లు. ఏమంటే ఏం, అక్కడ ఎవడికి అర్థమవుతుంది గనక!"

తత్సుకో వెళ్ళాక ఫుసాయే కొట్టు తలుపు వేసింది. తర్వాత కొట్లోని టీవీ పెట్టింది.

తెర మీద పడుచు ఇషిగాకి తూటా తగిలి బురదలో పడ్డాడు. అమెరికా సైనికులు కేకలు వేస్తున్నారు. ఆయన మాత్రం అరవలేదు. పక్కన ఎవరో ఉన్నట్టు మెల్లగా, ఒక్కో మాటా అప్పజెబుతున్నట్టు జపాను భాషలో అన్నాడు:

"చిక్కుడుగింజా... గేటు దగ్గరికి రాలేదని ఏడవకు... నాకు నీమీద కోపం లేదమ్మా."