నేనిచ్చిన ట్యూబు

దిండు గలీబు మీద మిరియపు గింజంత రక్తపు మరకలు.

పొద్దున్నే వాటిని చన్నీళ్లలో నానబెట్టి రుద్దేదాన్ని, నా మనవరాలు లేవకముందే.

ముప్పై నాలుగేళ్లది. తల్లి లేని పిల్ల, నా చేతుల మీదే పెరిగింది. ఆ వయసులో దానికి మొటిమలు.

"పదహారేళ్లప్పుడు రావాల్సినవి దారి తప్పి ఇప్పుడొచ్చాయేమోనే," అనేదాన్ని. మొదట్లో అదీ నవ్వేది.

చిన్నపిల్లలకు వచ్చేలాంటివి కావవి. దవడ పక్కన, లోతుగా, గోళీకాయల్లా. నెల తిరిగేసరికి కొత్తవి. చెయ్యి తగిలితే విలవిల్లాడిపోయేది.

తగలకుండా ఎలా ఉంటుంది? దాని ఉద్యోగమే అది.

వినపడని పిల్లల బడిలో టీచరు. పిల్లలు ఒక అరచెయ్యి టీచరు చెంపకు ఆనించి, రెండో చేతి వేళ్లు గొంతు మీద పెడతారు. మాట చెవికి అందనప్పుడు చేతికైనా అందాలి కదా. ఆ అదురు పట్టుకుని తమ నోట పలకాలి.

దాని క్లాసులో ఒక ఐదేళ్ల పిల్ల ఉండేది. కాలు ఒకచోట నిలవదని మేం పిచ్చుక అనేవాళ్లం. పుట్టాక ఒక్క మాటా పలకలేదు.

ఒకరోజు పిచ్చుక చెయ్యి సరిగ్గా వాపు మీద పడింది. ఇది తల విదిలించింది. తనేదో తప్పు చేశాననుకుని ఆ పిల్ల బల్ల కింద దూరింది.

ఆ సాయంత్రం నా మనవరాలు చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూర్చుని ఏడ్చింది.

అప్పుడిచ్చాను ఆ ట్యూబు.

నా కాలి దురదకని మందుల షాపతను ఇచ్చింది. చీటీ లేదు, గీటీ లేదు. రెండు రోజుల్లో దురద మాయం.

"రాసుకోవే. కాలిదైనా ముఖానిదైనా చర్మం చర్మమే కదా."

నాలుగో రోజుకు వాపు లేదు, ఎరుపు లేదు.

"నువ్వు డాక్టరువి కావాల్సింది అమ్మమ్మా!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

"వదలవే, నడుం పట్టేస్తుంది!" అన్నానే గానీ, లోపల ఎంత పొంగిపోయానో.

మానేస్తే రెండింతలై వచ్చేది. మళ్లీ రాసుకునేది. ఒక ట్యూబు అయిపోకముందే ఇంకోటి తెచ్చి అద్దం దగ్గర పెట్టేదాన్ని.

ఎనిమిది నెలలు.

ఈలోగా పిచ్చుక పెదాలు మూసి తెరిచి 'ప' అని గాలి వదలడం నేర్చింది. దానికి గొంతు కూడా కలిస్తే 'పాలు' అనేస్తుంది.

"ఇంకో నెల అమ్మమ్మా. దాని మొదటి మాట నా చెంప మీదే పలుకుతుంది, చూస్తూ ఉండు."

ఆ వారమే నా మనవరాలి ముఖం నీళ్లు తగిలినా భగ్గున మండటం మొదలైంది.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

"ఇన్నాళ్లూ ఏం రాశావమ్మా?"

"షాపులో ఇచ్చిందేదో, మేడం. నేనే అడిగి తెచ్చుకున్నా."

నా వైపు చూడలేదు.

"ఆ మందు వాపును అణిచిపెట్టిందంతే, నయం చేయలేదు. చర్మం పల్చబడిపోయింది. ఇప్పుడు ఆపగానే ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఓర్చుకోవాలి. నేనిచ్చేవి మెల్లగా పనిచేస్తాయి. ఆరు నెలలు అనుకో."

"ఆరు నెలలా? నాకు ఒక్క నెలలో..."



ఆ ట్యూబు ఇచ్చింది నేనేనని చెప్పేద్దామని నోరు తెరిచాను. అది నా చెయ్యి నొక్కి లేవదీసింది.

డాక్టరమ్మ అన్నట్టే ఎగదన్నింది. ముఖమంతా ఉబ్బి, చీము పట్టి, పొట్టు రాలింది. అలాగే బడికి వెళ్లింది.

పిచ్చుక తల్లి చాలా మంచిది. నా మనవరాలి ముఖం చూసి పిల్లను దగ్గరికి తీసుకుని, "టీచరుకు నొప్పి. ముట్టుకోకూడదు," అని సైగలతో చెప్పిందట.

పెద్ద టీచరూ కోప్పడలేదు. "తగ్గేదాకా సెలవు పెట్టు తల్లీ. క్లాసు ఇంకొకరికి అప్పజెబుతాను."

"నా వల్లే కదే ఇదంతా," అన్నాను ఇంట్లో.

"ఊరుకో అమ్మమ్మా. రాసుకుంది నేను."

తిట్టి ఉంటే బాగుండేది.

రోజూ పొద్దున నా మొరటు చేతిని తీసుకుని చెంపకు ఆనించుకునేది. "పా... లు" అని మెల్లగా పలికేది.

"ఇంకా నొప్పుంది. రేపు చూద్దాం."

నా చేతికింద ఆ వేడి రోజుకింత తగ్గుతూ వచ్చింది.

ఏడో నెలలో ఒక పొద్దున, మాట పూర్తి చేసి నవ్వింది. నొప్పి లేదు.

ఇస్త్రీ చీర కట్టుకుంది.

"పెళ్లికూతురిలా ఉన్నావే."

"చాల్లే ముసలిదానా, వరుణ్ని కూడా షాపు నుంచే తెచ్చేలా ఉన్నావు."

గుమ్మం దాటుతూ కూడా నవ్వుతూనే ఉంది.

మధ్యాహ్నానికే తిరిగొచ్చింది.

"పిచ్చుక పలికింది అమ్మమ్మా. పాలు అంది."

"అయ్యో నా తల్లే! నీ దగ్గరేనా?"

"పోయిన నెలలోనే. కొత్త టీచరు దగ్గర. బాధపడతానని నాకెవరూ చెప్పలేదు."

మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చాను.

"మరి నిన్ను చూసి?"

"పరుగెత్తుకుంటూ వచ్చింది. వంగి చెంప చూపించాను. చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది. నాకు నొప్పట."

"లేదని చెప్పకపోయావా?"

"చెప్పాను అమ్మమ్మా. నాలుగుసార్లు చెప్పాను."

కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది.

ఒక్క మచ్చ లేదు.