లేవకూడని చోటు

వియత్నాం టూరులో ఆఖరి మజిలీ ఒక జాలర్ల పల్లె. అక్కడి ఆడవాళ్ల పాట వినిపిస్తామని తీసుకొచ్చారు. వాళ్లేమో ఇసుకలో కూర్చుని సముద్రంకేసే చూస్తున్నారు, నోరు విప్పడం లేదు.

"ఇవాళ పాట లేనట్టుంది, బస్సెక్కండి," అన్నాడు గైడు.

బందరు దగ్గర జాలర్ల రేవు గిలకలదిండిలో పుట్టి పెరిగిన నాంచారమ్మకి సంగతి అర్థమైపోయింది. వెళ్లి ఒక ముసలామె పక్కన కూలబడింది. ముసలామె ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బస్సు హారన్ మోగింది.

"లెగు, అందరూ మనకోసమే చూస్తన్నారు," అన్నాడు భర్త పున్నారావు.

"ఈళ్ల పడవ తిరిగి రాలేదయ్యా. పక్కన కూర్చున్నోళ్లు మధ్యలో లెగిస్తే ఇంక ఆశ లేదన్నట్టేగా? మన రేవులో ఎవరన్నా లెగుస్తారా?"

"తెలుసే. నన్నేం చెయ్యమంటావు? సాయంత్రం ఫ్లైటు."

మళ్లీ హారన్. గైడు పరుగున వచ్చి బతిమాలాడు. నాంచారమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుని లేచింది.

ముసలామె తలెత్తి ఆమెను చూసింది. సముద్రం వైపు చూసింది. గుండెలు బాదుకుంటూ ఒక్కపెట్టున ఏడుపందుకుంది. మిగతా ఆడవాళ్లంతా గొంతు కలిపారు.

"హమ్మయ్య, పాట మొదలైంది!" అంటూ బస్సులో వాళ్లంతా ఫోన్లు పట్టుకుని దిగారు.