తెగుళ్ల పుస్తకం కార్డు

వేరుశనగ తెగుళ్ల పుస్తకం కోసం రైతు గిడ్డయ్య ఎండిన మొక్క పట్టుకుని ఎమ్మిగనూరు గ్రంథాలయానికి వచ్చాడు.

గ్రంథపాలకుడు వెంకోబారావు కార్డుల సొరుగు లాగి చూశాడు. "ఆదోని గ్రంథాలయంలో ఉంది. పోయినేడు వాళ్ల కార్డులన్నీ మేం రాసుకున్నాం, మావి వాళ్లు రాసుకున్నారు" అన్నాడు గర్వంగా.

గిడ్డయ్య బస్సెక్కి ఆదోని పోయాడు. అక్కడి కార్డులో ఎమ్మిగనూరు అని ఉంది.

మరునాడు తిరిగొచ్చి, "పుస్తకం యాడుంది సామీ?" అని అరిచాడు.

"మా దగ్గరా ఒకటి ఉండె. ఆదోనిలో ఉన్నప్పుడు ఈడెందుకని పాత కాగితాలతో తూకానికేసినాం."

"వాళ్లూ అదే మాట సెప్పినారు సామీ! నా సేను ఎండిపోతాంది."

వెంకోబారావు జాలిపడ్డాడు. సొరుగులోంచి ఆ పుస్తకం కార్డు తీసి గిడ్డయ్య చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకపో. పదైదు దినాల్లో తిరిగియ్యాల. ఈడ సంతకం పెట్టు."